మలూసిని పిలవాల్సిన చోటు

పీటర్సన్ వచ్చేసరికి వుయిస్వా తాబేలు గొంతులోకి గొట్టం దించుతూ ఉంది. గొట్టం సగం వెళ్ళాక ఆపకూడదు. ఆపితే కడుపులోకి పోవాల్సిన చేపల జావ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అక్వేరియం మేనేజరుగా ఆ సంగతి అతనికీ తెలుసు. అందుకే గుమ్మంలోనే ఆగి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. టోపీ తీశాడంటే చెప్పబోయేది ఏమిటో ఆమెకు అర్థమైంది.

ఆమె తొందరపడలేదు. తాబేలు తలను ఎడమచేత్తో నీటికి పైన ఎత్తిపట్టుకుని, కుడిచేత్తో గరాటులోకి కవళ్ళ చేపల జావ కొంచెం కొంచెంగా పోసింది. అయ్యాక గొట్టం మెల్లగా లాగింది. తాబేలు బుస్సుమని గాలి వదిలి కుడిపక్కకి వాలిపోయింది. నది మొగ దగ్గర జాలర్లకు దొరికిననాటి నుంచీ దానికి ఆ పక్క ఊపిరితిత్తిలో చీము పట్టి ఉంది. బాగా ఒరిగిపోతే తల నీళ్ళలో మునుగుతుంది. అప్పుడు దానంతటది పైకెత్తుకోలేదు. సముద్రంలో బతికే జంతువు మోకాటిలోతు నీళ్ళలో ఊపిరాడక చచ్చిపోతుందంటే చూసినవాళ్ళు తప్ప ఎవరూ నమ్మరు.

"మలూసి వాళ్ళింటివాళ్ళు వచ్చారు. పెదనాన్న, మేనత్త. కొమ్మ తెచ్చారు," అన్నాడు పీటర్సన్. "చోటు నువ్వే చూపించాలి."

మలూసి పదకొండేళ్ళుగా అక్కడ నీళ్ళలోకి దిగే మనిషి. పెద్ద ట్యాంకు అద్దానికి లోపలివైపు పట్టిన పాచి గీకడం, రాళ్ళ సందుల్లో చచ్చిన చేపల్ని ఏరడం అతని పని. తొమ్మిది రోజుల కిందట ఆ ట్యాంకులోనే పోయాడు. శనివారం మట్టి చేస్తారు. శవాన్ని శవాగారం బండి ఊరికి తీసుకెళ్తుంది. మనిషిని మాత్రం ఇంటివాళ్ళే వచ్చి తీసుకెళ్ళాలి. ఉంఫాఫా చెట్టు ముళ్ళకొమ్మ ఒకటి విరిచి తెచ్చి, ఆఖరి ఊపిరి వదిలిన చోట ఆనించి, పేరూ వంశమూ చెప్పి పిలుస్తారు. అతను కొమ్మ పట్టుకుంటాడు. ఇక ఇల్లు చేరేదాకా వాళ్ళు అతనితో తప్ప బతికున్న వాళ్ళెవరితోనూ మాట్లాడరు. చోటు తప్పితే కొమ్మ ఖాళీగా వెళ్తుంది. వచ్చాడనుకుని ఇంటిల్లిపాదీ దాన్ని పాతిపెట్టి ఏడుస్తారు. పోయినవాడు పోయినచోటే ఉండిపోతాడు.

వుయిస్వా మేనమామ బంగారు గనిలో పోయాడు. గనివాళ్ళు కిందికి దిగనివ్వలేదు. చేసేది లేక గేటు దగ్గరే పిలిచి తీసుకొచ్చారు. ఆ తర్వాత వాళ్ళ అమ్మమ్మ పదహారేళ్ళు బతికింది. ఆవుకి కడుపు పోయినా, పిల్లకి జ్వరమొచ్చినా, వాన మొహం చాటేసినా ఆవిడది ఒకటే మాట. వాడింకా కిందనే ఉన్నాడు అనేది. ఆ మాట వింటూనే వుయిస్వా పెరిగింది.

ఇప్పుడు ఆమె చూపించాల్సిన చోటు పోలీసు కాయితంలో రాసి ఉంది. అక్కడ రాసింది అబద్ధం. ఆ అబద్ధం ఆమె చెప్పిందే.

ఆ మంగళవారం పొద్దున పది దాటాక మలూసి దిగాడు. పైనున్న యంత్రం నుంచి పొడుగాటి గొట్టం గుండా అతనికి గాలి వెళ్తుంది. నడుముకి తాడు ఉంటుంది. రెండో కొస ఒడ్డున ఉన్నవాళ్ళ చేతిలో ఉండాలి. ఒకసారి లాగితే బాగున్నానని. వరసగా లాగితే పైకి తియ్యమని. తాడు పట్టుకున్నవాళ్ళు ఇంకో పని ముట్టకూడదని గోడమీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. ఆ అక్షరాలు రాసిన కాలంలో తాడుకొకరు, జబ్బుపడ్డ జంతువుల తొట్టికొకరు, మేతకొకరు ఉండేవాళ్ళు. రెండేళ్ళ నుంచి ముగ్గురి పనీ వుయిస్వాదే.

ట్యాంకులో ఉన్న మూడు సొరల్లో పెద్దదానికి మలూసి అత్తగారని పేరు పెట్టాడు. పళ్ళు బయటికి పెట్టుకుని, నోరు సగం తెరుచుకుని, ఎప్పుడూ ఏదో అనబోతున్నట్టే ఉంటుంది కాబట్టి. ఇరవై ఏళ్ళుగా ఒకేవైపు తిరిగి తిరిగి దాని వెన్ను వంకరపోయింది. అత్తగారి నడుంనొప్పి ఎలా ఉందో చూసొస్తానన్నాడు దిగేముందు. జబ్బు తొట్టివైపు చూసి, "ముసల్దానికి గంజి పట్టావా? మా బావకెప్పుడైనా ఇలా నోట్లో పోశావా అక్కా?" అని నవ్వి, గాలిగొట్టం నోట్లో పెట్టుకున్నాడు.

ఇరవై నిమిషాలు బాగానే గడిచాయి. అప్పుడు పక్కగదిలో తాబేలు రెక్క నీళ్ళమీద కొట్టుకోవడం వినిపించింది. ఒకసారి కాదు, ఆగకుండా. వుయిస్వా తాడును కడ్డీకి రెండు ముళ్ళు వేసి కట్టి పరుగెత్తింది. తాబేలు పూర్తిగా తిరగబడి ఉంది. ముక్కులోంచి నురగ వస్తోంది. ఆమె తొట్టిలోకి దిగి, తల పైకెత్తి, కాలితో అడుగున ఉన్న బిరడా లాగింది. నీళ్ళు దిగేదాకా తల వదలడానికి లేదు. ఆ తొట్టి నీళ్ళు దిగడానికి ఎంతసేపు పడుతుందో ఆమెకు తెలియంది కాదు. ఇంకొక్క నిమిషం, ఇంకొక్క నిమిషం అనుకుంటూ నిలబడింది. గోడ గడియారం ఎదురుగానే ఉంది. పదకొండు నిమిషాలు.

తిరిగి వచ్చేసరికి తాడు తీగలా బిగిసి ఉంది. లాగితే బదులు లేదు. బట్టలతోనే దూకింది. వెనకగోడ దగ్గర రాతిగుహలో అతని గాలిగొట్టం రాయి కింద ఇరుక్కుని మడతపడి ఉంది. నడుముకున్న తాడు రాతి కొనకు మెలిపడి అతన్ని అక్కడే పట్టేసింది. మలూసి చేతులు తాడుమీదే ఉన్నాయి. తాడు కోసి, అతన్ని నిచ్చెన దాకా ఈడ్చుకొచ్చింది. కేక విని పీటర్సన్, టిక్కెట్లమ్మాయి పరుగున వచ్చినప్పుడు ఇద్దరూ నిచ్చెన దగ్గరే ఉన్నారు. ఏమైందని పీటర్సన్ అడిగాడు. నిచ్చెన దాకా వచ్చాడనీ, మెట్టు పట్టుకున్నాడనీ, పట్టు తప్పి జారిపోయాడనీ ఆమె నోరు దానంతటదే చెప్పింది. పోలీసులకూ అదే చెప్పింది. తాడెందుకు కోశావంటే, పైకి ఎక్కించడానికి అడ్డమొచ్చిందంది. మూర్ఛ వచ్చి ఉంటుందని వాళ్ళు రాసుకున్నారు. ఊపిరితిత్తుల్లో నీళ్ళున్నాయని డాక్టరు చెప్పాడు. గుహలో నీళ్ళూ నిచ్చెన దగ్గరి నీళ్ళూ ఒకటే కదా.

మర్నాడు కడ్డీ తుడుస్తుంటే, తాడు కట్టిన చోట రంగు లేచిపోయి ఇనుము కనిపించింది. ఎన్నిసార్లు లాగితే అంత గీత పడుతుందో ఆమె లెక్క కట్టలేదు. ఆ చోట గుడ్డ కప్పింది.

జోలీలే పెదనాన్న సన్నగా పొడుగ్గా ఉన్నాడు. గోధుమరంగు కోటు గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. తెల్లగుడ్డలో చుట్టిన కొమ్మ చంకలో ఉంది. మేనత్త నోబంతు భారీ మనిషి. భుజాలమీద నల్లదుప్పటికి పెద్ద పిన్నీసు. ఇంకా మలూసిని పిలవలేదు కాబట్టి మాట్లాడొచ్చు. ఆవిడ పీటర్సన్ ఇచ్చిన టీ తాగుతూ మాట్లాడుతూనే ఉంది.

"తిరుగు ప్రయాణానికి మూడు సీట్లు ఉంచమన్నాం. మీరిద్దరేగా, మూడోవాడెవడు అన్నాడు డ్రైవరు. మూడోవాడు సొరచేపల దగ్గరున్నాడు, వస్తున్నాడు అన్నాను. ఇక ఇక్కడికి చేరేదాకా వాడి నోట్లో ఈల కూడా లేదు."

పీటర్సన్ నవ్వాలో వద్దో తెలియక కప్పులోకి చూశాడు. వుయిస్వా చేతులు కట్టుకుని నమస్కరించింది. పెద్దాయన ఆమె వంశం అడిగి తెలుసుకుని, మామ్పింగా అని వంశం పేరుతోనే పలకరించాడు. కూర్చోమన్నాడు. మేనత్త ఆమెను కిందనించి పైదాకా చూసింది.

"తాడు పట్టుకునే అక్కంటే నువ్వేనా? పండక్కొచ్చినప్పుడల్లా నీ ఊసే. అత్తా, అక్క తాడు పట్టుకుంటే ఇంట్లో మంచంమీద పడుకున్నట్టే ఉంటుంది అనేవాడు. పెళ్ళి చేసుకోరా అంటే, ముందు అక్కలాంటిదాన్ని వెతకమనేవాడు."

వుయిస్వా కూర్చోలేదు. ట్యాంకు పైకి వెళ్దాం రమ్మంది.

పైన సిమెంటు గచ్చు తడిగా ఉంది. పంపుల హోరు తప్ప చప్పుడు లేదు. చూడ్డానికి వచ్చే జనాన్ని ఆ పూటకు ఆపేశారు. నిచ్చెన చూపించి ఇక్కడేనంది వుయిస్వా. ఆ మాట ఇన్ని రోజుల్లో ఎన్నోసార్లు అంది కాబట్టి ఇప్పుడూ వచ్చేసింది.

పెద్దాయన బూట్లు విప్పాడు. టోపీ తీశాడు. మోకాళ్ళమీద వంగి గుడ్డ విప్పాడు. కొమ్మకి ఆకులింకా వాడలేదు. ఒక ముల్లు నిటారుగా, దాని పక్కది కొక్కెంలా వంగి, కొస దాకా జంటలుగా ఉన్నాయి. మేనత్త దుప్పటి తలమీదికి లాక్కుంది. కొమ్మను మెట్టుకి ఆనించబోయి ఆయన ఆగి, వెనక్కి తిరిగాడు.

"చూసినదానివి నువ్వొక్కదానివే కదమ్మా. ఒకసారి పిలిచాక మళ్ళీ పిలవకూడదు. ఇదేనా? నువ్వు ఊ అంటే పిలుస్తాను."

ఊ అంటే చాలు. సాయంత్రానికి వాళ్ళు ఊళ్ళో ఉంటారు. ఆమె ఉద్యోగం ఆమెకుంటుంది. ఆ జీతంమీద ఇంట్లో నలుగురు బతుకుతున్నారు. మలూసి ఒక్కడే గుహలో ఉంటాడు. రేపు ఇంకెవరో దిగి అతని చుట్టూ పాచి గీకుతారు.

"అక్కడ కాదు పెదనాన్నా," అంది వుయిస్వా.

తలుపు దగ్గరున్న పీటర్సన్‌కు వాళ్ళ ఖోసా భాష పూర్తిగా రాదు. ఆ రెండు మాటలు అర్థం కావడానికి అంత రానక్కర్లేదు. "వుయిస్వా, ఆఫీసులోకి రా. ముందు మనం మాట్లాడుకుందాం," అన్నాడు. ఆమె కదల్లేదు. తాడు కట్టేయడం దగ్గర మొదలుపెట్టి, గొట్టం మడతపడి ఉండటం, అతని చేతులు తాడుమీదే ఉండటం, నిచ్చెన దాకా ఈడ్చుకురావడం, అన్నీ చెప్పింది. కడ్డీమీద గుడ్డ తీసి గీత కూడా చూపించింది. ఏడవలేదు. ఏడిస్తే వాళ్ళు ఓదార్చాల్సి వస్తుందేమోనని భయపడింది.

పెద్దాయన కడ్డీమీది గీతను వేలితో తడిమాడు. తర్వాత రెండు ప్రశ్నలే అడిగాడు.

"ఎంతసేపు?"

"పదకొండు నిమిషాలు."

"ఆ తాబేలు బతికిందా?"

"బతికింది."

మేనత్త లేచి పక్కగది గుమ్మం దాకా వెళ్ళి, తొట్టిలోకి తొంగిచూసి వచ్చింది.

"ముసల్ది," అంది. "మావాడికి ముప్పైనాలుగు."

ఆ తర్వాత ఏం చెయ్యాలన్నది తేలడానికి అరగంట పట్టింది. గుహ పన్నెండడుగుల లోతున, వెనకగోడకు ఆనుకుని ఉంది. కొమ్మ అక్కడ తగలాలి. ఇంటివాళ్ళిద్దరికీ ఈత రాదు. తాను తీసుకుని దిగుతానంది వుయిస్వా. పెద్దాయన కొమ్మను గుండెకు దగ్గరగా లాక్కుని, నీ చేతికివ్వను అన్నాడు. కోపంగా అనలేదు. మామూలుగానే అన్నాడు. పీటర్సన్ కూడా ఇక ఆ ట్యాంకులో ఎవరూ దిగడానికి వీల్లేదన్నాడు. అసలు కొమ్మ నీళ్ళలో పెట్టడమే అతనికి ఇష్టం లేదు. ముళ్ళు రాలితే టేకు చేపలు ఏరుకుని మింగుతాయి, పేగులు చిల్లులు పడతాయి. కావాలంటే గుల్లలు ముంచే వలసంచీ ఉంది, అందులో పెట్టి దింపండని నచ్చజెప్పబోయాడు.

"వలలో వేసి తీసుకెళ్ళమంటావా నాయనా? మావాడు చేపా?" అంది మేనత్త.

పీటర్సన్ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

చివరికి మిగిలింది మేతకర్ర. వెదురుకంటే తేలిక, పదహారడుగుల పొడుగు. దాని కొసకు చేపను గుచ్చి సోమవారం, శుక్రవారం సొరల నోటికి అందిస్తారు. కొమ్మను కర్రకు కట్టి గుహలోకి దించొచ్చు. అయితే కర్ర నీళ్ళను తాకగానే మూడు సొరలూ అక్కడికి వస్తాయి. కర్ర అంటే వాటికి అన్నమే. ఇవాళ గురువారమని వాటికి తెలియదు. ముళ్ళకొమ్మను నోట కరుచుకుంటే కొమ్మా పోతుంది, జంతువూ పోతుంది.

మేతకు గుర్తుగా వాడే తెల్ల పళ్ళెం ఇటు చివర దించితే అవి ఇటు వస్తాయంది వుయిస్వా. వాటికి అలా అలవాటు చేసింది ఆమే. పళ్ళెం గోడకి మూడుసార్లు కొడితే కర్రను వదిలేసి దాని దగ్గరికే వస్తాయి. చేప అందుతున్నంతసేపూ కదలవు.

"ఆపగలవా?" అని అడిగాడు పెద్దాయన.

"ఆపుతాను."

"ఈసారన్నా నించున్నచోట నించో," అంది మేనత్త.

రేపటి మేత కోసం కరగబెట్టిన కానాగంత చేపలు బకెట్‌లో ఉన్నాయి. ఒక్కొక్కదాని మొప్పల్లో విటమిన్ మాత్ర అప్పటికే దూర్చి పెట్టింది. ఆమె తూర్పు చివరకు వెళ్ళి పళ్ళెం దించి మూడుసార్లు కొట్టింది. అటు చివర పీటర్సన్ కర్ర మొదలు పట్టుకున్నాడు. పెద్దాయన దాని నడిమిని పట్టుకుని కొమ్మ దించడం మొదలుపెట్టాడు.

అత్తగారు ముందు వచ్చింది. వంకర వెన్నుతో ఒకవైపుకి ఒరిగి ఈదుతూ, నోరు తెరిచి, పళ్ళెం ముందు నిలబడింది. వుయిస్వా పొట్టి కర్రకు చేప గుచ్చి అందించింది. చిన్నవి రెండూ దాని వెనక చేరాయి. వాటిమీద నుంచి చూపు తిప్పడానికి లేదు. తిప్పి ఒక్క చేప ఆలస్యం చేస్తే ఏదో ఒకటి అటు వెళ్తుంది. అందుకని ఆమె అటు వీపు పెట్టి నిలబడింది. మాటలు మాత్రం వినిపించాయి. పంపుల హోరులో కూడా పెద్దాయన గొంతు తెలుస్తూనే ఉంది.

"మలూసీ. భేలే వంశపువాడా. నీ తండ్రి అన్నను, జోలీలేను. మీ అత్త కూడా వచ్చింది. నువ్వు తాడు లాగావని మాకు ఇప్పుడే తెలిసింది నాయనా. ఇప్పుడే తెలిసింది. అందుకే ఆలస్యమైంది. ఒక్కడివే చాలాసేపు ఉన్నావు. కొమ్మ పట్టుకో. ఇంటికి పోదాం."

చిన్నసొర ఒకటి చప్పుడుకో, నీటి కదలికకో పక్కకి తిరిగింది. వుయిస్వా పళ్ళెం మళ్ళీ కొట్టింది. అది తిరగలేదు. ఇంకోసారి కొట్టి, రెండు చేపలు కలిపి గుచ్చి, నీళ్ళమీద ఆడించింది. గుహవైపు సాగబోయిన తల మెల్లగా ఇటు తిరిగింది. పెద్దాయన వంశం పేర్లు ఒకటొకటే చెప్తున్నాడు. తాతలు, ముత్తాతలు. అన్నీ అయ్యేదాకా ఆమె చేపలు అందిస్తూనే ఉంది. బకెట్ అడుగున ఒక్క చేప మిగిలినప్పుడు వెనక తడికాళ్ళ చప్పుడు వినిపించింది. అప్పుడు తిరిగింది.

కొమ్మ ఆయన రెండు చేతుల్లో ఉంది. నీళ్ళు కారుతున్నాయి. ఒక్క ముల్లు రాలలేదని పీటర్సన్ వంగి చూసి తల ఊపాడు.

ఆమె ముందు నడిచి తలుపులు తెరిచింది. పెద్దాయన కొమ్మతో మాట్లాడుతూ వస్తున్నాడు. మెట్లు దిగుతున్నాం నాయనా. గచ్చు జారుతుంది, చూసుకో. ఎడమకి తిరుగుతున్నాం. ఇది వీధి గుమ్మం. మేనత్త ఆయన వెనకే వచ్చింది. పొద్దుటి నుంచీ ఆగని నోరు ఇప్పుడు మూసుకుని ఉంది. గుమ్మం దగ్గర వుయిస్వా ఎదురుగా ఒక్క క్షణం నిలబడింది. తిడుతుందేమో, ఉమ్ముతుందేమో, చెయ్యి తాకుతుందేమో అని వుయిస్వా తల వంచుకుని ఎదురుచూసింది. ఆవిడ దుప్పటి సర్దుకుని వెళ్ళిపోయింది.

మాట్లాడకూడదన్నది ఆచారం. అందుకే మాట్లాడలేదా, లేక ఆచారం లేకపోయినా మాట్లాడేవాళ్ళు కాదా అన్నది వుయిస్వాకు తెలిసే దారి లేదు. ఇల్లు చేరాక, పాతిపెట్టాక, ఆమెకు కబురు పంపాల్సిన పని వాళ్ళకేముంది?

చిన్నబస్సులో వెనకసీటు మధ్యలో ఎవరో పెట్టిన సంచీని మేనత్త తీసి ఒళ్ళో పెట్టుకుంది. పెద్దాయన ఆ ఖాళీ చోటు పక్కన కూర్చున్నాడు. డ్రైవరు పాట ఆపేశాడు.

పీటర్సన్ మెట్లమీద కూర్చుని సిగరెట్టు వెలిగించాడు. పోలీసులకు తాను చెప్పేలోపు ఆమే వెళ్ళి చెప్తే మంచిదన్నాడు. రేపటి నుంచి రావద్దన్నాడు. పట్నం నుంచి ఎవరినైనా పిలిపిస్తానన్నాడు. ఇంకో ఇద్దరు మనుషుల్ని ఇవ్వమని పైవాళ్ళకు మూడుసార్లు రాశాననీ, బదులు రాలేదనీ అన్నాడు. సిగరెట్టు బూడిద రాల్చి, "ఒక్కదానివే ఉన్నావని కూడా రాయించు. నా పేరు కూడా చెప్పు," అన్నాడు.

నాలుగింటికి తాబేలుకు మళ్ళీ జావ పట్టాలి. అది చేసి వెళ్తానంది వుయిస్వా. అతను కాదనలేదు. ఆ పని ఇంకెవరికీ రాదు.

ఆమె కవళ్ళు రుబ్బింది. తల ఎత్తిపట్టుకుని గొట్టం దించింది. తాబేలు కళ్ళలోంచి ఎప్పటిలాగే ఉప్పునీరు కారింది. అయ్యాక చేతులు తుడుచుకుని, రేపు పట్నం నుంచి ఎవరో వస్తారు కదా అని వాళ్ళ కోసం కాయితం తీసుకుంది. జావ ఎంత పలచన ఉండాలో, గొట్టం ఎంత లోపలికి వెళ్ళాలో, ఏ పక్కకి ఒరిగితే ఎటు ఎత్తాలో వరసగా రాసింది. బిరడా తీశాక నీళ్ళు దిగడానికి పదకొండు నిమిషాలు పడుతుందని రాసింది. దాని కింద ఇంకో వాక్యం రాసి, అక్షరాలు సరిగ్గా కనిపించవేమోనని రెండోసారి దిద్దింది.

ఈ తొట్టి దగ్గర మనిషి ఒక్కరే ఉన్న రోజు పెద్ద ట్యాంకులోకి ఎవరినీ దింపకండి.